నాన్న షాపు అద్దె ఆయనకి తెలియకుండా నేనే కడుతున్నాను, ఇప్పుడేం చెయ్యాలి?

ఈ వారం ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది. ఊళ్ళో అందరికీ తెలిసిన షాపు కాబట్టి పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. రాసినాయనకి 43 ఏళ్ళు, ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో లెక్కలు చూస్తారు, జీతం 28 వేలు, కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్ళ నాన్నగారికి 72. ఆయన 1987లో బస్టాండు రోడ్డులో క్యాసెట్ల షాపు పెట్టారు. కొత్త సినిమా పాటలు విడుదలైన రోజు షట్టరు ఎత్తకముందే జనం నిలబడి ఉండేవారట. ధనుర్మాసంలో గుడి కమిటీల వాళ్ళు, చవితికి మైకు సెట్ల వాళ్ళు, పెళ్ళిళ్ళ రోజుల్లో వీసీఆర్ అద్దెకి అడిగేవాళ్ళు వచ్చేవారట. ఆ షాపు మీదే ఇద్దరు కొడుకుల చదువులు, కూతురి పెళ్ళి అయ్యాయి. ఇప్పుడు ర్యాకుల్లో నాలుగు వేల క్యాసెట్లు, పదిహేను వందల సీడీలు అలాగే ఉన్నాయి. రోజుకి రెండొందల యాభై, మూడొందల బేరం జరిగితే అది ఇయర్‌ఫోన్లూ చార్జర్లూ పెన్‌డ్రైవులే.

రెండేళ్ళ కిందట ఓనరు అద్దె 4 వేల నుంచి 9 వేలు చేస్తానన్నాడు. అప్పుడు ఈయన ఒక్కడే వెళ్ళి, "నాన్న దగ్గర పాత అద్దే తీసుకోండి, మిగతా 5 వేలు నెలనెలా నేను ఫోన్‌పే చేస్తాను, ఆయనకి మాత్రం చెప్పొద్దు" అని ఒప్పించారు. 26 నెలలైంది, లక్షా ముప్పై వేలు. పెద్దాయన మాత్రం వచ్చినవాళ్ళందరితో "మా ఓనరు దేవుడండీ, ఈ రోజుల్లో అద్దె పెంచనివాడు ఎవడున్నాడు" అంటున్నారు. మొన్న గ్యాస్ డబ్బులు కట్టామో లేదో చూద్దామని భార్య ఈయన ఫోన్ తీస్తే విషయం బయటపడింది. ఆవిడ అన్నమాట: "ఐదు వేలు పోతే పోయాయండీ, రెండేళ్ళు నా పక్కనే ఉండి నాకు చెప్పలేదు, అది నాకు మింగుడు పడట్లేదు." అప్పటి నుంచి ఇంట్లో అవసరానికి మించి మాట లేదు. ఇంతలో ఓనరు ఉగాది నుంచి 14 వేలు ఇవ్వమన్నాడు, లేకపోతే సెల్ షాపు వాళ్ళు సిద్ధంగా ఉన్నారట. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి "మూయించు అన్నయ్యా" అంటాడు. నాన్నగారేమో "తొంభైఆరు తుఫానుకే మూయలేదురా, పాతవన్నీ మళ్ళీ వస్తాయి చూడు" అంటారు. బావగారి వాదన వేరే. 2010లో అందరిలా కంప్యూటర్ పెట్టి మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఉంటే షాపు నిలబడేదని, "అది దొంగసొమ్మురా" అని నాన్నగారు మొండికేశారని అంటాడు. అప్పట్లో పక్క షాపతను ఆ పనితోనే బైకు కొన్నాడట, ఆ షాపు ఇప్పుడు టీ కొట్టు. బావ చెప్పింది నిజమేనేమో అని ఈయనకి లోపల ఒక మూల అనిపిస్తోంది.

ఉత్తరం చివర ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. "ఇది రాయాలో వద్దో తెలియలేదు" అంటూ మొదలుపెట్టారు. మొన్న కార్తీకమాసంలో రాజోలు వైపు నుంచి ఒకావిడ ఒక పాత క్యాసెట్టు తెచ్చిందట. వాళ్ళాయన కువైట్‌లో ఉన్నప్పుడు ఉత్తరం రాయడం రాక మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్టట అది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. టేపు తెగిపోయి ఉంటే నాన్నగారు రెండు గంటలు కూర్చుని అతికించి వినిపించారు, డబ్బులు తీసుకోలేదు. "మూయించాలా, నడిపించాలా? మూయిస్తే ఈయన ఏమైపోతారోనని భయం, నడిపిస్తే నేను ఏమైపోతానోనని భయం" అని ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. రెండోసారి చదివినప్పుడు ఆ చివరి నాలుగు వాక్యాల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వాటి సంగతి తర్వాత చెప్తాను, ముందు మీ బావగారి మాట తీసి పక్కన పెడదాం. అది మీలో ఉండగా మీరు మీ నాన్నగారితో సరిగ్గా మాట్లాడలేరు, ఏదో ఒక వేడిలో నోరు జారుతుంది.

మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఉంటే షాపు నిలబడేదా? జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, ఆ పక్క షాపు టీ కొట్టు అయింది కదా. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. నెలల తరబడి డేటా ఉచితంగా ఇచ్చింది, ఊళ్ళో చేపల చెరువు దగ్గర కాపలా ఉండే కుర్రాడి ఫోన్లోకి కూడా యూట్యూబ్ వచ్చేసింది. ఇక డబ్బులిచ్చి కార్డులో పాటలు ఎక్కించుకునే పని ఎవరికుంటుంది? మీ నాన్నగారు ఒప్పుకుని ఉంటే ఐదారేళ్ళు గల్లాపెట్టె నిండేది, తర్వాత ఇదే చోటికి వచ్చేవారు. ఆ ఐదారేళ్ళూ ఎవరో ఒకరు వచ్చి కంప్యూటర్ పట్టుకెళ్తారేమోనని టెన్షన్ కూడా ఉండేది. అలా పాటలు కాపీ చేసి అమ్మితే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఆయన మొండితనం వల్ల షాపు పోలేదు. ఈ ఒక్క ముక్క మీ బావగారితో కాదు, మీతో మీరు చెప్పుకోండి.

ఇంకో సంగతి. మీ షాపులో పాత క్యాసెట్ల మీద గ్రామఫోను ముందు కూర్చున్న కుక్క బొమ్మ ఉండే ఉంటుంది చూడండి. అదే బొమ్మ పెట్టుకుని లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 1921లో హెచ్‌ఎంవీ వాళ్ళు షాపు తెరిచారు, బ్రిటన్ అంతా ఆ షాపులే అయ్యాయి. 2013 జనవరిలో అది దివాలా అంచుకి వచ్చింది, ఎవరో ఆదుకుంటే 2018 డిసెంబరులో మళ్ళీ అదే పరిస్థితి. కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో మ్యూజిక్ వరల్డ్ 2013లో మూసేశారు, బొంబాయిలో కాలాఘోడా దగ్గర తరతరాలు పాటలమ్మిన రిథమ్ హౌస్ 2016లో మూసేశారు. 2007లో మోజర్ బేర్ అనే కంపెనీ సినిమా వీసీడీలు 28 రూపాయలకి, డీవీడీలు 34కి తెచ్చింది, మీ నాన్నగారికి బాగా గుర్తుండాలి, సినిమాలు అద్దెకిచ్చే షాపుల నడుం విరిచింది ఆ ధరే. ఆ కంపెనీ కూడా 2018లో అమ్మకానికొచ్చి చివరికి మూతపడింది. వాళ్ళకి బ్యాంకుల అప్పులు దొరికాయి, పెద్ద చదువుల మేనేజర్లున్నారు, అయినా ఆగలేదు. బస్టాండు రోడ్డులో పది అడుగుల షాపుతో ఒక మనిషి 1987 నుంచి ఇప్పటిదాకా షట్టరు ఎత్తుతున్నాడంటే ఆయన్ని చూసి జాలిపడాల్సిన పని లేదు.

"పాతవన్నీ మళ్ళీ వస్తాయి" అన్న మాటకి కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆయన పూర్తిగా తప్పు అనలేదు. హెచ్‌ఎంవీని 2019లో కెనడా వ్యాపారి ఒకాయన కొన్నాడు, 2023లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఆ షాపు మళ్ళీ తెరిచారు. కానీ అక్కడ ఇప్పుడు ఎల్పీ రికార్డుల పక్కనే టీషర్టులూ బొమ్మలూ పెట్టి అమ్ముతున్నారు, రోజూ లక్షల మంది నడిచే వీధి అది. మన దగ్గర పాత పాటల మీద మోజు లేకపోలేదు, ఉంది కాబట్టే 2017లో సరిగమ వాళ్ళు కార్వాన్ అని పాటలు ముందే నింపిన రేడియో లాంటి పెట్టె తెస్తే పిల్లలు అమ్మానాన్నలకి కొనిపెట్టారు. అంటే కావలసింది పాట, క్యాసెట్టు కాదు. తొంభైఆరు తుఫానుతో పోలిక కూడా అంతే. నవంబరు 6 రాత్రి వచ్చింది, కొబ్బరి చెట్లు కూలిపోయాయి, చాలా రోజులు కరెంటు లేదు, కానీ కరెంటు వచ్చిన రోజు జనం అదే షాపుకి తిరిగొచ్చారు. ఈసారి జనం అలా తిరిగి రారు. ఆయన ఆ తేడా చూడలేకపోతున్నారని మీరనుకుంటున్నారు. నేను అడుగుతున్నాను, చూసే అవకాశం ఆయనకి మీరిచ్చారా?

ఇక్కడే నాకు మీతో పేచీ ఉంది. మీరు ప్రేమతోనే చేశారు, ఆ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది. కానీ 26 నెలలుగా ఆయన చూస్తున్నది అబద్ధం లెక్క. ఖర్చులు పోను ఎంతో కొంత మిగులుతోంది, అద్దె పెరగలేదు, ఓనరు మంచివాడు, ఇవన్నీ పెట్టుకుని ఆయన "ఇంకొన్నాళ్ళు లాగుదాం" అనుకున్నారు. ఆ లెక్క ప్రకారం ఆయన నిర్ణయం సరైనదే. ముప్పై ఏళ్ళకి పైగా గల్లా దగ్గర కూర్చున్న మనిషికి 9 వేల అద్దె అని తెలిసుంటే అదే రోజు కాగితం మీద కూడికలు వేసేవారు, ఏదో ఒకటి తేల్చేవారు. ఆయన మొండివాడని మీ ఇంట్లో అందరూ అంటున్నారు, ఆయనకి అసలు అంకెలే చెప్పకుండా.

కాబట్టి మూయాలా నడపాలా అన్నదానికన్నా ముందు ఇది చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఉగాదికి ఓనరు 14 వేలు అడగడానికి షాపుకే వస్తాడు, మాటామాటా పెరిగితే "మీ అబ్బాయి కట్టబట్టి ఇన్నాళ్ళు ఊరుకున్నాను" అని పక్క షాపుల వాళ్ళందరూ వింటుండగా అనేస్తాడు. "మా ఓనరు దేవుడండీ" అని అందరికీ చెప్పుకున్న మనిషి ఆ మాట వినాలి. దానికన్నా మీ నోటి నుంచి వినడం నయం.

ఇంట్లో అందరి ముందూ వద్దు, తమ్ముణ్ణి స్పీకర్లో పెట్టి అసలే వద్దు. ఒక రాత్రి షాపు కట్టేసే వేళకి వెళ్ళండి, షట్టరు సగం దించి కూర్చోండి. ముందు మీరు చేసిన పని చెప్పండి, తర్వాత అంకెలు చెప్పండి. "మీకు చేతకాదని కాదు నాన్నా, ఎలా చెప్పాలో తెలియక" అని మీకు వచ్చిన భాషలో చెప్పండి. ఆయనకి కోపం వస్తుంది. వారం పది రోజులు మాట్లాడకపోవచ్చు. పౌరుషంతో మర్నాడే "తాళాలు ఇచ్చేస్తాను" అనొచ్చు, ఆ మాట మీద అదే రోజు మాత్రం ఏమీ చెయ్యకండి, తమ్ముడు ఎంత తొందరపెట్టినా సరే. డబ్బు తిరిగి ఇచ్చేస్తానంటే వద్దనకండి, నెలకి వెయ్యి ఇచ్చినా తీసుకోండి, అది ఆయన మర్యాదకి సంబంధించిన విషయం. ముందు రోజు ఓనరుకి కూడా ఒక మాట చెవిలో వెయ్యండి, నేను చెప్పేస్తున్నాను, మీరు వేరే ఏమీ కల్పించొద్దని.

మీ ఆవిడకి మాత్రం ఇదంతా ముందే చెప్పాలి. ఆవిడ షాపుకి శత్రువు కాదు, ఆ ఒక్క వాక్యంలోనే తెలిసిపోతోంది. క్షమించమని అడగండి, ఆ తర్వాత నెల ఖర్చుల పుస్తకం ఇద్దరూ కలిసి రాయండి. ఇంతకన్నా ఇందులో చెప్పేదేం లేదు.

ఇప్పుడు దారులు. ఏ దారి పట్టాలో మీ నాన్నగారే ఎంచుకోవాలి, మీరు ఆయన ముందు పెట్టాలి అంతే.

ఉగాది లోపు మూసేయడం ఒకటి. అడ్వాన్సు వెనక్కి వస్తుంది, మీ 5 వేలు మిగులుతాయి, కూతురి చదువు దగ్గర ఊపిరి తీసుకుంటారు. కానీ మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆయన ఎక్కడికి వెళ్తారు? తెల్లారి లేచి స్నానం చేసి చొక్కా వేసుకుని ముప్పై ఏళ్ళకి పైగా ఒకే దారిలో నడిచిన మనిషి. మూసేటట్టయితే తేదీ ఆయన్ని చెప్పమనండి, సంక్రాంతికి ఊళ్ళోకి వచ్చేవాళ్ళందరూ చూసి వెళ్ళాక అంటే అప్పుడే. సరుకు మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి, సీలు తియ్యనివి నాలుగైదొందలు ఉంటే పాతవి పోగేసేవాళ్ళు కొంటారేమో, మిగతావి కిలోల లెక్కన ప్లాస్టిక్కే. ఆయన లేనప్పుడు మాత్రం పాతసామాన్ల వాణ్ణి పిలవొద్దు.

షాపులో సగం సెల్ రిపేరు వాళ్ళకిచ్చి అద్దె పంచుకోవడం ఇంకోటి, మీ తమ్ముడు కూడా ఒకసారి అన్నాడని రాశారు. నాకు ఇది నచ్చలేదు. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అలా ఇస్తే ఖాళీ చేయించడానికి మీరే సాకు ఇచ్చినట్టవుతుంది. ఒప్పుకున్నా, బేరం ఉన్నవాడి కౌంటరు నెలనెలా జరుగుతూ వస్తుంది, ఏడాది తిరిగేసరికి మీ నాన్నగారు సొంత షాపులో మూల స్టూలు మీద ఉంటారు.

అన్నీ తెలిసే ఇంకో ఆరు నెలలు నడపడం కూడా ఒక దారే. ఓనరుని బతిమాలితే 14 కాస్త 12 అవుతుందేమో. మీరూ మీ ఆవిడా కూర్చుని, ఇది వ్యాపారం కాదు, నాన్నగారి కోసం పెడుతున్న ఖర్చు అని ఒప్పుకుని, తమ్ముడితో సగం పెట్టించి చేస్తే ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. ప్రతి ఆదివారం సలహా ఇచ్చే తమ్ముడు నెలకి నాలుగు వేలు ఇవ్వగలడో లేదో అడగండి. కానీ ఆరు నెలలంటే ఆరే, ఆఖరి తేదీ గోడ మీద క్యాలెండర్లో ఉండాలి.

ఇక ఆ రాజోలు ఆవిడ. ఆ రెండు గంటల్లో మీ నాన్నగారు ఏం చేసుంటారో నేను ఊహించగలను. చిన్న స్క్రూడ్రైవర్‌తో ఐదు మరలు విప్పి, తెగిన కొసలు రెండూ ఏటవాలుగా కత్తిరించి, వెనక వైపు సన్నటి టేపు ముక్క అతికించి, స్పాంజి ఊడిపోయి ఉంటే ఇంకో పాత క్యాసెట్టులోంచి తీసి పెట్టి, పెన్సిలు దూర్చి మెల్లగా తిప్పి, స్పిరిట్‌తో హెడ్డు తుడిచి అప్పుడు బటన్ నొక్కి ఉంటారు. మన ఉప్పుగాలికి, చెమ్మకి టేపు మీద తెల్లటి బూజు పడుతుంది, అలాంటిదాన్ని నేరుగా డెక్కులో పెడితే నాశనం, ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు? గల్ఫ్‌కి వెళ్ళిన మనుషులు లేని వీధి కోనసీమలో తక్కువ. ఎన్ని బీరువాల్లో ఇలాంటి మాటల క్యాసెట్లు ఉన్నాయో, ఎన్ని ఇళ్ళల్లో తొంభైల నాటి పెళ్ళి వీడియో క్యాసెట్లు చూసే మిషను లేక పడున్నాయో. వీసీఆర్లు చేసే ఆఖరి కంపెనీ, జపాన్‌లో ఫునాయ్, 2016లోనే తయారీ ఆపేసింది. మీ షాపు అటక మీద పనిచేసే వీసీఆర్లు రెండున్నాయని రాశారు. అవి జాగ్రత్త.

అందుకని నాలుగో దారి, మీ ఇంటి వీధి గదిలో ఒక బల్ల, డెక్కు, వీసీఆర్, మీ కూతురి పాత ల్యాప్‌టాప్, వాటిని కలిపే చిన్న కేబుల్ పరికరాలు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు మాటలు ఎక్కించడానికి, మనవరాలు ఒక సాయంత్రంలో నేర్పేస్తుంది. ఇది మెమరీ కార్డుల వ్యాపారం లాంటిది కాదు, ఆయనకి ఆ అనుమానం వస్తే చెప్పండి, ఎవరి ఇంటి మాటలు వాళ్ళవే, డబ్బిచ్చి తీయించుకున్న పెళ్ళి వీడియోకి వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్ళే చట్టప్రకారం హక్కుదారులు. సినిమా పాటల క్యాసెట్టు తెచ్చి కాపీ అడిగితే మాత్రం ఆయన పాత జవాబే చెప్పాలి.

డబ్బు విషయంలో మీకు ఆశ పెట్టను. గంట క్యాసెట్టు ఎక్కించడానికి గంట పట్టి తీరుతుంది, రోజుకి నాలుగు మించి చెయ్యలేరు. ఒక్కోదానికి రెండొందలు తీసుకున్నా, నెలకి పదిహేనో ఇరవయ్యో వస్తే మూడు నాలుగు వేలు. పైగా ఒక ఇల్లు ఒకసారే తెస్తుంది, కొన్నేళ్ళకి అదీ అయిపోతుంది. ఆ నాలుగు వేలకి అద్దె ఉండదు, అదే లాభం. ఇంకో ముఖ్యమైన విషయం, వీధి గదిలోకి జనం వస్తే వాళ్ళకి మంచినీళ్ళిచ్చేది, టీ పెట్టేది మీ ఆవిడ. ఆవిడ ఒప్పుకోకపోతే ఈ దారి లేనట్టే, ఆవిణ్ణి అడగడానికి ముందే మీ నాన్నగారికి ఆశ పెట్టొద్దు.

నాకైతే నాలుగోదానివైపే మనసు లాగుతోంది, దాచను. చిన్నప్పుడు బస్సు కోసం నిలబడి క్యాసెట్ల షాపు బయట స్పీకర్లో పాటలు విని నేర్చుకున్నదాన్ని నేను, అందుకని నా మాటలో పక్షపాతం ఉండొచ్చు, మీరు తూచి తీసుకోండి. ఆయన "వద్దు, అంతా మూసేద్దాం, అలిసిపోయాను" అన్నా ఆశ్చర్యపోకండి. కొందరు ఎవరైనా అడుగుతారేమోనని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు.

ఏ దారి పట్టినా ఒక పని ఈ వారమే మొదలుపెట్టండి. రిపేరుకిచ్చి తీసుకెళ్ళని క్యాసెట్లు ఒక అర నిండా ఉన్నాయని రాశారు కదా, వాటి మీద ఏ పేరుందో, ఏ ఊరో ఆయన చేతే ఒక నోటుపుస్తకంలో రాయించండి. వాటి మీద ఫోన్ నంబర్లు ఉన్నా ఇప్పుడు పనిచేయకపోవచ్చు. ఊరి పేరు ఉంటే చాలు, ఆదివారం మీరు బండి తీసి ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళండి, ఆ ఇల్లు ఎక్కడో అక్కడ ఎవరో ఒకరు చెప్తారు.